రోడ్డు ఉప్పు పట్టిన కారును గీతలు పడకుండా కడగడం ఎలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: నల్ల కారు. మంచు కురిసినప్పుడు రోడ్ల మీద చల్లే ఉప్పు బండి నిండా తెల్లగా పొరకట్టింది. బకెట్‌లో నీళ్ళు, ఒక గుడ్డ తీసుకుని తుడిచారు. తెలుపు పోయింది గానీ, ఎండ పడగానే బానెట్ మీదా తలుపుల మీదా సన్నటి గీతలు గుండ్రంగా మెరుస్తున్నాయి. బయటి కొళాయి గడ్డకట్టుకుపోయింది కాబట్టి పైపు వాడే వీల్లేదు. ఇకమీదట ఎలా కడగాలి, ఎన్నాళ్ళకోసారి కడగాలి, బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్‌కి తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. కార్ల పెయింట్ శుభ్రం చేయడం, గీతలు తీసి మెరుగుపెట్టడం నా వృత్తి. చలికాలం చివర్లో నా దగ్గరికి వచ్చే ముదురు రంగు బళ్ళలో ఎక్కువ వాటికి ఇదే బాధ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ పెయింట్ మీద గీతలు పెట్టింది ప్రధానంగా ఉప్పు కాదండీ, ఉప్పుతో కలిసి వచ్చిన ఇసుక. రాతి ఉప్పు మెత్తటి ఖనిజం. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 2 నుంచి 2.5, అంటే ఇంచుమించు మన గోటితో సమానం. రోడ్డు మీది ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ స్థానం 7. టైర్లు జారకుండా చాలాచోట్ల ఉప్పుతో పాటు ఇసుకో, సన్న కంకరో కూడా చల్లుతారు. అది చల్లకపోయినా రోడ్డు అరిగి వచ్చే రాతిపొడి ఎలాగూ ఉంటుంది. ముందు బళ్ళ చక్రాలు ఈ సరుకంతా బురదనీళ్ళతో కలిపి మీ కారు మీద చిమ్ముతాయి. నీళ్ళు ఆరిపోయాక కనబడే తెల్లటి పొరలో ఇసుక రేణువులు ఉప్పుతో అతుక్కుని ఉంటాయి. దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే, మనకు తెలియకుండానే గరుకు కాగితంతో రుద్దినట్టు.

పైన ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ మందం చాలా కార్లలో 40–50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది ఆ పొరే. గీతలు పడ్డ ప్రతిసారీ పాలిష్ పట్టిస్తే పోతాయి నిజమే, కానీ పాలిష్ అంటే ఆ పొరను కొంత అరగదీయడమే. అరిగింది మళ్ళీ పెరగదు. అందుకని గీతలు తీయించుకోవడం కంటే గీతలు పడకుండా చూసుకోవడం మీద నాకు పట్టుదల ఎక్కువ.

ఈ ఉప్పు, ఇసుక తేడా తెలిస్తే కడిగే పద్ధతి సగం దానంతటదే తెలుస్తుంది. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, ఇసుక కరగదు. ఉప్పును కరిగించడానికి చెయ్యి తగలనక్కర్లేదు. ఇసుకను కదిలించి కిందికి కొట్టుకుపోయేలా చేయాలి, అది కూడా చెయ్యి తగలకముందే. గుడ్డ పట్టుకునే సమయానికి పనిలో ముప్పాతిక వంతు అయిపోయి ఉండాలి.

ఇక్కడ చాలామంది పడే శ్రమ ఒకటుంది, వేడినీళ్ళు. మామూలు ఉప్పు కరగడానికి వేడి అవసరం లేదు. 0 డిగ్రీల దగ్గర ఉన్న 100 గ్రాముల నీటిలో కూడా 35 గ్రాములకు పైగా ఉప్పు కరుగుతుంది. మరిగే నీటిలోనైనా 39 గ్రాములే. అంటే కావలసింది వేడి కాదు, నీటి పరిమాణం, కొంచెం సమయం. గోరువెచ్చని నీళ్ళ వల్ల ఉపయోగం వేరే ఉంది: ఉప్పు పోయాక కూడా మిగిలే బూడిదరంగు జిడ్డు పొర, అంటే టైరు రబ్బరు, పొగమసి, నూనె కలిసినది, షాంపూతో త్వరగా వదులుతుంది. మీ చేతులూ కొంకర్లు పోవు. కానీ గడ్డకట్టిన అద్దం మీద మరిగే నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయకండి, అద్దం పగిలిపోవచ్చు.

ఇక అసలు పద్ధతి. మీ ఇంట్లో పైపు లేదు కాబట్టి, సొంతంగా కడుక్కునే ప్రెషర్ వాష్ బే దగ్గర్లో ఉంటే చలికాలమంతా మీకు అదే ఆధారం. ఉష్ణోగ్రత 4–5 డిగ్రీలకు పైన ఉన్న రోజు, వీలైతే మధ్యాహ్నం, రోడ్లు ఆరిన తర్వాత వెళ్ళండి. మంచు కురుస్తుండగా కడిగితే ఇంటికి చేరేలోపే మళ్ళీ మొదటికొస్తుంది.

మొదట ఉట్టి నీళ్ళు. ప్రెషర్ గన్‌ను పెయింట్‌కు ఒక అడుగు దూరంలో, కాస్త ఏటవాలుగా పట్టుకుని పైకప్పు నుంచి కిందికి రండి. నాజిల్ మార్చుకునే వీలుంటే 25 డిగ్రీల ఆకుపచ్చదో, 40 డిగ్రీల తెల్లదో వాడండి. ఎర్రది, అంటే నీటిని ఒకే సన్నటి ధారగా కొట్టే 0 డిగ్రీల నాజిల్, కారు దగ్గరకే రానివ్వకండి. రాయి తగిలి పెయింట్ లేచిన చోట ధార నేరుగా పడితే పక్కనున్న పెయింట్ కూడా లేచిపోతుంది. తలుపుల కింది అంచులు, వెనక బంపర్, డిక్కీ తలుపు, చక్రాల వెనక భాగాలకు ఎక్కువ సమయం ఇవ్వండి. ఇసుక ఎక్కువగా చేరేది అక్కడే. పైకప్పు మీద అంత ఉండదు.

తర్వాత ఫోమ్, లేదా షాంపూ కలిపిన స్ప్రే. ఇది కింది నుంచి పైకి వేసినా పైనుంచి కిందికి వేసినా పర్లేదు గానీ, నాలుగైదు నిమిషాలు నాననివ్వాలి. అడుగంటిన గిన్నెను నానబెడితే తోమే పని ఎలా తగ్గుతుందో ఇక్కడా అంతే. నురగ ఆరిపోకముందే మళ్ళీ ఒత్తిడితో నీళ్ళు కొట్టండి. బురద మరీ ఎక్కువగా ఉంటే ఈ రెండూ ఇంకోసారి చేయండి. ఇప్పుడు కారు దగ్గరికొచ్చి చూస్తే ఒక పల్చటి మసక పొర తప్ప ఇసుక కనబడకూడదు. చలి ఎక్కువగా ఉండి వేళ్ళు పనిచేయకపోతే ఇక్కడితో ఆపేసి ఇంటికెళ్ళిపోండి. నిజంగా చెబుతున్నాను, మసక పొర ఉన్న కారుకు వచ్చిన నష్టం ఏమీ లేదు. దాన్ని హడావిడిగా తుడిచిన కారుకే నష్టం.

ఆ బేలో గోడకు వేలాడే నురగ బ్రష్షును మాత్రం ముట్టుకోకండి. మీకంటే ముందు ఎవరో దానితో చక్రాలు తోమి ఉంటారు, ట్రక్కు మీది బురద తోమి ఉంటారు. ఆ ఇసుకంతా కుచ్చుల మధ్య ఉంటుంది. పైన నురగ వస్తుంది కాబట్టి శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

చేత్తో కడిగే ఓపిక ఉన్న రోజున రెండు బకెట్లు, ఒక మైక్రోఫైబర్ మిట్, అంటే చేతికి తొడుక్కుని తుడిచే మెత్తటి తొడుగు, కావాలి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉట్టి నీళ్ళు. ఒక ప్యానెల్ తుడవగానే మిట్‌ను ఉట్టి నీళ్ళలో జాడించి, పిండి, అప్పుడే షాంపూలో ముంచాలి. బకెట్ అడుగున జల్లెడలాంటి ప్లాస్టిక్ పళ్ళెం వేస్తే దిగిన ఇసుక మళ్ళీ పైకి లేవదు. మిట్ బరువు చాలు, చేత్తో అదమకూడదు. గుండ్రంగా తిప్పకుండా, కారు పొడవు వెంట తిన్నగా లాగండి. ఏదైనా పొరపాటున గీత పడినా ఒకే దిశలో ఉంటే అంతగా కనబడదు. కింది భాగానికి, అంటే తలుపుల మధ్యలో అడ్డంగా ఉండే రేకు మడత నుంచి కిందికి, వేరే మిట్ వాడండి. దాన్ని పై భాగానికి ఎప్పుడూ తేవద్దు. ఈ ఒక్క అలవాటు వల్ల తగ్గే గీతలు ఖరీదైన షాంపూ వల్ల కూడా తగ్గవు. మిట్ నేలమీద పడితే ఆ రోజుకి దాని పని అయిపోయినట్టే, తీసి పక్కన పెట్టండి.

బే అందుబాటులో లేని వారాల్లో, గ్యారేజీలో ఉష్ణోగ్రత సున్నాకి పైన ఉంటే, రిన్స్‌లెస్ వాష్ మంచి దారి. కడిగాక మళ్ళీ నీళ్ళు పోయనక్కర్లేని ద్రవం ఇది. ఇందులోని పాలిమర్లు మురికి రేణువుల చుట్టూ జారుడు పొరలా చేరి గుడ్డకూ పెయింట్‌కూ మధ్య రాపిడి తగ్గిస్తాయి. కొన్నింటికి ఒక పాలు ద్రవానికి 256 పాళ్ళ నీళ్ళు కలపమంటారు, అంటే 10 లీటర్లకు సుమారు 40 మిల్లీలీటర్లు. మీ సీసా మీద ఉన్న కొలతే పాటించండి, ఎక్కువ కలిపితే జిడ్డు మిగులుతుంది. చిన్న మైక్రోఫైబర్ గుడ్డలు ఒక డజను దాకా ఆ నీళ్ళలో నానబెట్టి, చేతి పంపు స్ప్రేయర్‌తో అదే ద్రవాన్ని ప్యానెల్ మీద ధారాళంగా కొట్టి, రెండు నిమిషాలు ఆగి, నాలుగు మడతలు పెట్టిన గుడ్డతో మెల్లగా ఒక్కసారి లాగండి. గుడ్డ ముఖం మార్చండి. మురికైన గుడ్డను తిరిగి బకెట్‌లో వేయకండి.

కానీ దీనికొక హద్దు ఉంది. ఉప్పు, బురద గట్టిగా పేరుకుని, వేలు పెడితే గరగరలాడే స్థితిలో ఉన్న కారు మీద రిన్స్‌లెస్ వాష్ చేయకండి. ఎంత మంచి ద్రవమైనా అంత ఇసుకను మోయలేదు. అలాంటప్పుడు ముందు అదే పంపు స్ప్రేయర్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, పైనుంచి కిందికి పారేలా ఐదారు లీటర్లు పట్టించండి. ఇసుక నేలమీదికి దిగడం మీకే కనబడుతుంది. ఆ తర్వాత గ్యారేజీ నేలమీది ఉప్పునీటిని బయటికి తోసేయడం మర్చిపోవద్దు. అక్కడే వదిలేస్తే గాలిలో తేమ పెరిగి కారు కింది భాగానికే చేటు.

బ్రష్షులు, గుడ్డ పట్టీలు తిరిగే ఆటోమేటిక్ వాష్ గురించి అడిగారు. మీ నల్ల కారుకు నేను వద్దంటాను. చలికాలంలో ఆ పట్టీలు రోజంతా ఇలాంటి బళ్ళనే తుడుస్తుంటాయి. ఏదీ తగలకుండా నీళ్ళు, రసాయనాలతోనే కడిగే టచ్‌లెస్ రకం నయం. చెయ్యి, బ్రష్షు లేని లోటు పూడ్చడానికి వాళ్ళు ఘాటైన క్షార, ఆమ్ల ద్రవాలు వాడతారు కాబట్టి మీరు వేసిన వ్యాక్స్ త్వరగా పోతుంది. వ్యాక్స్ మళ్ళీ వేసుకోవచ్చు, క్లియర్ కోట్ వేసుకోలేం. రెండింటిలో ఏది అని అడిగితే నేను సందేహించకుండా టచ్‌లెస్‌కే ఓటేస్తాను. కింది నుంచి చిమ్మే అండర్‌బాడీ వాష్ ఉన్నది ఎంచుకోండి. కొన్నిచోట్ల ఆ చిమ్మే నీళ్ళు వాడినవే శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. శుద్ధి చేసినా కరిగిన ఉప్పు పూర్తిగా పోకపోవచ్చు కాబట్టి, కింది భాగానికి తాజా నీళ్ళేనా అని అక్కడివాళ్ళను అడగడం మంచిది.

ఎన్నాళ్ళకోసారి అన్న ప్రశ్నకు జవాబు పెయింట్‌లో లేదు, కారు అడుగున ఉంది. పగుళ్ళు లేని క్లియర్ కోట్ కింద రేకుకు ఉప్పు అంత తొందరగా హాని చేయలేదు. హాని జరిగేది బ్రేకు గొట్టాలు, సబ్‌ఫ్రేమ్ (కారు అడుగున ఇంజనునూ చక్రాల భాగాలనూ మోసే చట్రం), రేకులు మడిచి అతికిన అంచులు, చక్రాల పైనుండే వంపుల లోపలి పెదవులు, తలుపుల అడుగున నీళ్ళు కారే చిన్న రంధ్రాల దగ్గర. అక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది, బురద ముద్దగా నిలిచి తేమను పట్టుకుని ఉంటుంది.

పైగా రోడ్ల మీద చల్లేది ఎప్పుడూ మామూలు ఉప్పే కాదు. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, ద్రావణం ఎంత చిక్కగా ఉన్నా −21 డిగ్రీలకు గడ్డకడుతుంది. అసలు −9 డిగ్రీలు దాటితేనే రోడ్డు మీద దాని పని బాగా మందగిస్తుంది. అందుకని చలి తీవ్రంగా ఉన్నచోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు. వీటితో చిక్కు ఏమిటంటే ఇవి గాలిలోని తేమను లాక్కుని తమంతట తామే ద్రవమవుతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర మామూలు ఉప్పుకు ఇలా జరగాలంటే గాలిలో తేమ 75 శాతం ఉండాలి. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం, కాల్షియం క్లోరైడ్‌కు దాదాపు 30 శాతం చాలు. అంటే మీకు పొడిగా కనిపించే రోజున కూడా కారు అడుగు తడిగానే ఉంటుంది, తుప్పు పని సాగుతూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఉప్పు పట్టిన కారును కడగకుండా వెచ్చటి గ్యారేజీలో రాత్రంతా పెట్టడం దాన్ని కాపాడినట్టు అనిపిస్తుంది గానీ, తుప్పు విషయంలో ఆరుబయట గడ్డకట్టే చలిలో ఉంచడమే నయం.

కాబట్టి ఉప్పు చల్లుతున్నన్నాళ్ళూ పది రోజులకో, రెండు వారాలకో ఒకసారి కారు అడుగును ఒత్తిడి నీళ్ళతో కడగండి. చక్రాల వంపుల లోపల, ముందూ వెనకా గన్ తిప్పుతూ కొట్టండి. కారే నీళ్ళు తేటగా వచ్చేదాకా కొడుతూనే ఉండండి. విద్యుత్ కారైతే నారింజ రంగు కేబుళ్ళు, వాటి కనెక్టర్ల మీద ధార నేరుగా పట్టించకండి. పైభాగం మాత్రం ప్రతిసారీ చేత్తో తుడవాల్సిన పని లేదు. చలికాలంలో నా సొంత కారు పైభాగాన్ని ఎక్కువసార్లు నీళ్ళూ ఫోమ్‌తోనే వదిలేస్తాను, చెయ్యి తగిలేది తప్పనిసరైతేనే.

ఆరబెట్టడం కూడా గీతలు పడే ఘట్టమే. పెద్ద మైక్రోఫైబర్ తువాలును ప్యానెల్ మీద పరిచి, రెండు కొనలు పట్టుకుని మెల్లగా లాగండి. ముందే కాస్త క్విక్ డీటెయిలర్, అంటే పెయింట్‌ను జారుడుగా చేసే స్ప్రే, చల్లితే తువాలు జారుతుంది. గాలి ఊదే యంత్రం ఉంటే ఇంకా మంచిది. తలుపులు తెరిచి రబ్బరు సీళ్ళు, తలుపు చట్రాలు వేరే గుడ్డతో తుడవండి. లేకపోతే రాత్రికి తలుపు అతుక్కుపోతుంది, గట్టిగా లాగితే సీలు చిరుగుతుంది. సీళ్ళకు చలికాలం మొదట్లోనే సిలికాన్ గ్రీజు పల్చగా రాసి ఉంచితే ఈ బెడద తగ్గుతుంది. ఇంధనం మూత, ఛార్జింగ్ మూత, అద్దాల అంచులు కూడా తుడవండి. కడిగాక ఒక పది నిమిషాలు నడిపి, వెనక బళ్ళు లేనిచోట నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు వేస్తే డిస్కులు ఆరతాయి. ఆ రాత్రి గడ్డకట్టే చలి ఉండి, నేల సమతలంగా ఉంటే, ఆటోమేటిక్ గేరు బండిని హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పార్క్‌లో వదిలేయండి. తడి హ్యాండ్‌బ్రేక్ పట్టేసి ఉదయానికి వదలకపోవచ్చు.

కడిగేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా, మంచు దులిపేటప్పుడు పాడుచేసుకునేవాళ్ళను చాలామందిని చూశాను. గట్టి కుచ్చుల బ్రష్షు అద్దాలకే గానీ పెయింట్‌కు కాదు. ఫోమ్ తలకాయ ఉన్న తోపుడు కర్ర దొరుకుతుంది, దానితో పైపై మంచును తోసి, చివరి వేలెడు మందం అలాగే వదిలేయండి. బయలుదేరేముందు పైకప్పు మీది మంచును మాత్రం గుట్టగా ఉంచకండి, వెనకవాళ్ళ మీద పడుతుంది. ఉప్పు పట్టిన కారుకు చేరగిలబడటం, కోటు చేత్తో వెనక కెమెరా తుడవడం కూడా గీతలే. కెమెరాకు ఒక చిన్న స్ప్రే సీసా కారులో ఉంచుకోండి.

వెనిగర్ గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. నీళ్ళు సగం కలిపిన వెనిగర్ లోపలి కార్పెట్ మీది ఉప్పు చారలకు పనికొస్తుంది, అద్ది తీసేయాలి. పెయింట్‌కు దాని అవసరమే లేదు. బేకింగ్ సోడా ముద్దతో రుద్దమనే సలహా అసలు వినకండి, కరగని పలుకులు మళ్ళీ అదే పని చేస్తాయి. కడిగి ఆరాక కూడా తెల్ల మచ్చలు మిగిలితే అవి చాలావరకు గట్టినీటి మరకలు, అంటే నీళ్ళలోని ఖనిజాలు ఆరి మిగిలినవి. వాటికి వేరే మందుంది, తొందరేం లేదు.

వచ్చే ఏడు మంచు మొదలవకముందే పెయింట్ మీద కాపుదల పొరగా ఒక మంచి సీలెంట్ గానీ వ్యాక్స్ గానీ వేయించండి. అది గీతలను ఆపదు, ఇంకా ఎక్కువకాలం నిలిచే సిరామిక్ కోటింగ్ అనే పూత కూడా ఆపదు. కానీ బురద పట్టు తగ్గి, ఉట్టి నీళ్ళకే చాలా భాగం జారిపోతుంది. చెయ్యి తగిలే అవసరం ఎంత తగ్గితే మీకు అంత లాభం. రాయి తగిలి రేకు బయటపడిన చోట్లు ఉంటే ఈ వారంలోనే టచప్ పెయింట్ పెట్టేయండి, వాటిని మాత్రం వాయిదా వేయకూడదు.

ఇప్పటికే పడ్డ సన్న గీతల గురించి కంగారు పడకండి. గోరు అడ్డంగా లాగితే తగలని గీతలు చాలావరకు పాలిష్‌తో పోతాయి. అయితే ఇప్పుడు చేయించవద్దు, ఉప్పు ఇంకా కనీసం కొన్ని వారాలు ఉంటుంది, మళ్ళీ పడవచ్చు. రోడ్లు పూర్తిగా కడుక్కుపోయాక, కారు అడుగు భాగం ఒకసారి నిదానంగా కడిగించి, పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ముందు ఒక చిన్న భాగం మీద మెత్తటి ప్యాడ్‌తో చేసి చూపించమనండి. అంతకంటే గట్టి ప్యాడ్ అవసరమా కాదా అన్నది ఆ భాగం చూశాకే తేల్చుకోవచ్చు.